చివరి పీరియడుకు బదులు

నాలుగింటి బస్సు దొరికితే ఎమ్మే ఉన్నట్టు, దొరక్కపోతే లేనట్టు. తొంభైల్లో నా చదువంతా పుత్తూరు నుంచి వచ్చే ఆ ఒక్క బస్సు మీదే నడిచింది. ఇల్లు తిరుపతిలో. వడమాలపేటలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరు ఉద్యోగం. సాయంత్రం మళ్లీ తిరుపతిలో ఎమ్మే చరిత్ర క్లాసులు. మొదటి ఏడాది నాకు చివరి పీరియడు ఖాళీ కాబట్టి ఏ తంటా రాలేదు. రెండో ఏడాది కొత్త టైంటేబుల్ వేసి, పదో తరగతి సోషల్‌ను రోజూ చివరి పీరియడులో పెట్టారు మా హెడ్మాస్టరు గారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేరుగా ఆయన గదిలోకి వెళ్లి గట్టిగానే అడిగాను.

"పదో తరగతి పిల్లకాయలమ్మా, ఆ గంట ఖాళీగా ఉండకూడదు. నువ్వుంటావో, ఇంకెవుర్నన్నా ఉంచుతావో నీ ఇష్టం" అన్నారాయన.

ఇంకెవరుంటారు? చివరి గంట ఖాళీ ఉన్న టీచర్లంతా చుట్టుపక్కల ఊళ్లలో సేద్యం చేసుకునే ఇళ్ల ఆడవాళ్లు. ఆ గంటలోనే ఇంటికి పోయి ఆవుల పాలు పితకాలి, చీకటి పడేలోపు చేనొకసారి చూసి రావాలి. అలాంటివాళ్లను అడగడానికి నాకు నోరు రాలేదు. ఒకరి ముందు చేయి చాచడమంటే చిన్నప్పటి నుంచీ నాకు ఒళ్లు మంట.

కొన్నాళ్లు తర్వాతి బస్సెక్కి చూశాను. అది పుత్తూరులోనే నిండిపోయి వచ్చేది. శుక్రవారమైతే తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వెళ్లేవాళ్లతో ఫుట్‌బోర్డు మీద కూడా చోటు ఉండేది కాదు. పడుతూ లేస్తూ క్లాసుకు చేరేసరికి సారు బోర్డు తుడిచేస్తూ కనిపించేవారు.

ఇక నా వల్ల కాదు, ఎమ్మే మానేస్తున్నానని ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పేశాను. మా బడిలో లెక్కలు చెప్పే అక్క నలభై దాటిన మనిషి. పిల్లలు ఆమెకు భయపడేవాళ్లు, దాచుకోవడమెందుకు, మేమూ భయపడేవాళ్లం. నా అన్నంలో ఊరిబిండి పచ్చడి వేస్తున్న చేయి ఆపి నా వైపు చూసింది.

"సేన్లో ఒక్కతే కూసోని కలుపు తీసేదాన్ని యాడన్నా సూసినావా నువ్వు?"

టౌన్లో పుట్టి పెరిగినదాన్ని. చేను అంటే నాకు బస్సు కిటికీలోంచి కనిపించేదే.

"సెనిక్కాయ సేన్లో కలుపొస్తే పక్క సేనోళ్లను బదులుకు పిలుస్తాం. ఈపొద్దు వాళ్లు మాకొస్తారు, రేపు మేం వాళ్లకు పోతాం. పిలిస్తే గదా ఎవురన్నా వచ్చేది? హెడ్మాస్టరు మింద అరిసేదానికైతే నోరు ఉండాది నీకు."

అందరూ పకపకా నవ్వారు. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది.

"ఇది చేను కాదు కదక్కా."

"ఆడా మనుసులే, ఈడా మనుసులే. సోమారం నేనుంటా. మంగళారం ఎవురే?"

అన్నం తిని చేతులు కడుక్కునేలోపు వారమంతా పంచేసుకున్నారు. నేను మానేస్తానన్న మాట క్యారియర్ గిన్నెలతో పాటే మూతపడింది. మరునాటి నుంచి వాళ్ల ఆవులు ఆలస్యంగా పాలిచ్చాయో, అత్తలు సణిగారో, ఏం జరిగిందో ఒక్కరూ నా చెవిన వేయలేదు. ఎప్పుడో చచ్చిపోయిన రాజుల గురించి నేను చదువుకోవడానికి, బతికున్న ఆడవాళ్లు తమ పొద్దు వదులుకున్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

అంత సాయం ఊరికే తీసుకోవడం నా వల్ల కాలేదు. దసరా సెలవులకు ముందు తిరుపతి నుంచి పెద్ద మిఠాయి పెట్టె మోసుకెళ్లి స్టాఫ్‌రూం టేబుల్ మీద పెట్టి మూత తీశాను. అక్క మూత మళ్లీ మూసేసింది.

"మమ్మల్ని కూలోళ్లనుకున్నావా? బదులుకు బదులు పనే. మిఠాయి ఇస్తే ఆడికి తీరిపోయినట్టు, మళ్లా ఎవురూ మన గడప తొక్కరు. మాకు కావాల్సొచ్చినప్పుడు పిలుస్తాం. రా, సాలు."

ఆ మిఠాయిలు పదో తరగతి పిల్లలు తిన్నారు. నేను మాత్రం ఆ ఏడాదంతా పిలుపుల కోసం కాచుకుని కూర్చున్నాను. ఒకరి బిడ్డకు జ్వరమొస్తే పిలిచారు, ఒకరి ఇంట్లో చెనిక్కాయ పీకుడు పెట్టుకుంటే పిలిచారు. పరుగున పోయి వాళ్ల క్లాసుల్లో నిలబడ్డాను. అక్క మాత్రం నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు.

ఎమ్మే పాసయ్యాను. ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలోనే, మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం వస్తానంది. ఇక బస్సుల బాధ ఉండదని గాల్లో తేలిపోయాను. ఆ మాట చెప్పి సెలవు తీసుకుందామనే బడి తెరిచిన రోజు వడమాలపేట వెళ్లాను. అక్క నన్ను వరండాలో పక్కకు పిలిచింది. ఎన్నడూ లేనిది, నేల చూపులు చూస్తోంది.

"నేనూ సేరినాను, సాయంత్రం ఎమ్మెస్సీకి. ఈ వయసులో ఇదేం పిచ్చని ఇంట్లో నగినారు. నీ మాదిరే నాకూ సివరి పీరియడు పడినాది. ఒక్కో పొద్దు సేరిన సంగతే మరిసిపోదామా అనిపిస్తాంది. బదులుకు వస్తావా?"

అంతమందిని గడగడలాడించే మనిషి, నన్ను అడగడానికి అంత ఇబ్బంది పడింది. నేను చెప్పాలని తెచ్చుకున్న మాట నోటి దాకా కూడా రాలేదు.

"వారమంతా నాదేనక్కా" అన్నాను.

ఆ కాలేజీ వాళ్లు నా కోసం ఆగలేదు. బాధ లేదంటే అబద్ధం, కానీ పశ్చాత్తాపం ఏ రోజూ లేదు. మొదటి సోమవారం పదో తరగతి కిటికీలోంచి చూస్తే, సుద్దపొడి అంటిన చేతులతోనే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అక్క రోడ్డు మీదికి పరుగెడుతోంది. కండక్టరు చేయందించాడు. ఆమె ఎక్కి, బస్సు కదిలేదాకా నేను పాఠం మొదలుపెట్టలేదు. నిండిపోయి వచ్చే ఆ తర్వాతి బస్సు ఇక నాది.