కాక దిగని నీళ్లు

మా పక్కింటి కాక పోయాడు. మొన్న పొద్దున పెద్దపల్లి స్టేషన్లో టికెట్ లైనులో ఉండగా కాక భార్య, మా చిన్నమ్మ, ఫోన్ చేసింది. "మీ కాక లేడు బిడ్డా. దవాఖాన నుంచి ఇంటికి తెస్తున్నరు, జల్ది రా" అంది. గోదావరిఖని బస్సెక్కి కూర్చున్నాక నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మీరనుకోవచ్చు. ఉంది, ఇంకా తగ్గలేదు.

కాక భూగర్భ గనిలో, ఆయన మాటలో బాయిలో, సర్దార్. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పును కొట్టి చప్పుడు వినేవాడు. గట్టిగా మోగితే మనుషులు పనిలోకి వెళ్లాలి, డొల్లగా మోగితే ఆగాలి. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. మా గృహప్రవేశం నాడు చుట్టాలందరినీ గుమ్మం బయటే ఆపి, కొత్త స్లాబును మూల మూలనా కొట్టి చూశాడు. "కొట్టి చూడంది కింద నిలబడొద్దురా" అనేవాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆయనకున్నది ఒకే ఒక్క కోరిక. నా ఫోన్లో అండమాన్ వీడియో పదేపదే పెట్టించుకునేవాడు. చుట్టూ కొండరాళ్లు, మధ్యలో అలల్లేని సముద్రం, అడుగున ఇసుక కనిపించే నీళ్లు. "బాయిల మోకాళ్లకాడికి నీళ్లల్లనే పని చేసిన. ఒక్కనాడు నా కాళ్లు నాకు కనబడలే. కాళ్లు కనబడే నీళ్లల్ల ఒక్కసారి నిలబడాలె" అనేవాడు.

పోయిన చలికాలం కాక, చిన్నమ్మ, నేను, నా భార్య బయలుదేరాం. రైలు, విమానం, ఆపైన రెండు పడవలు. పడవలో వాంతులు చేసుకుంటూ కూడా "ఇంకెంత దూరంరా" అని అడుగుతూనే ఉన్నాడు.

దిగిన చోటు నుంచి లోపలికి ఒకటే దారి, నెత్తి మీదికి వంగిన పెద్ద రాయి కింద నుంచి. దాని అవతల ఆ నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. గంటలో తిరిగి రావాలని పడవ మనిషి చెప్పాడు. కాక చేతికర్ర ఎత్తి రాయిని కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "డొల్ల మోగుతంది. ఎవ్వలు పోవద్దు" అన్నాడు.

ఉప్పునీళ్లు తిన్న రాయి అలాగే మోగుతుందని, రోజూ జనం దాని కిందే వెళ్తారని పడవ మనిషి హిందీలో బతిమాలాడు. కాక దారికి అడ్డంగా నిలబడ్డాడు. అరగంట అక్కడే పోయింది.

"కాక, ఇది నీ బాయి కాదు. గింత దూరం వచ్చింది నీ కోసమే కదా" అన్నాను.

"నువ్వు కోపానికి వస్తే కప్పు గట్టిపడదు బిడ్డా."

"నీ పిరికితనంతోటి అందరి ఆశ మట్టిల కలిపినవ్" అనేశాను. బతుకంతా నేల కింద పనిచేసిన మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాను. ఆయన పక్కకు జరిగాడు. "ఒక్కొక్కలు పోండ్రి. ఆగకుండ ఉరుకుండ్రి" అన్నాడు.

ముగ్గురం దాటాం. రాయి పడలేదు, పెళ్ల కూడా రాలలేదు. ఆయన మాత్రం రాలేదు. వచ్చాక ఏడాదంతా నేను ముఖం ముడుచుకుని తిరిగానే తప్ప, మళ్లీ పోదాం కాక అని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు ఎవరి మీద అరవాలో తెలియడం లేదు.

తనెందుకు దాటలేదో మొన్న చిన్నమ్మ చెప్పింది. "కప్పు కూలితే అవతలోళ్లను తీసేటందుకు ఇవతల ఒకడు ఉండాలె అన్నడు బిడ్డా. నీకు చెప్పద్దన్నడు, నీళ్లల్ల సుఖంగ ఉండనియ్యి అన్నడు."

ఆ రోజు నీళ్లలో నిలబడి ఒక్కసారి వెనక్కి చూశాను. పిలిస్తే వినబడే దూరమే, నేను పిలవలేదు. రాయికి అటువైపు ఎండలో కాక, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, తల పైకెత్తి ఆ రాయినే చూస్తున్నాడు. మధ్యమధ్య వేలెత్తి మా ముగ్గురినీ లెక్కపెట్టుకుంటున్నాడు.