అవ్వ కోపం, ఏడుగురు కన్నడిగులు

బళ్లారి సత్యనారాయణపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నిన్న పేపరు తిరగేస్తుంటే, ఆంధ్రలో ఏ భాషవాళ్లు పెరిగారు, కర్ణాటకలో ఏ భాషవాళ్లు తగ్గారు అని పట్టికలు పక్కపక్కన వేసి, ఎవరో పండితుడు బోలెడు కారణాలు రాసుకొచ్చాడు. అన్నీ సబబుగానే ఉన్నాయి గానీ, మా అవ్వ ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు.

బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి, ఆలూరు ఆంధ్రలోకి పోయిన కొన్నేళ్లకు, అరవై ఒకటి జనాభా లెక్కలకు బడిపంతుళ్లను వేశారు. గుర్రమెక్కి ముప్పై ఊళ్లు రాశానని మనవళ్లకు చెబుతూ వచ్చాను. మీరు నా ఈడువాళ్లు, మీ దగ్గర దాపరికమెందుకు, నేను రాసింది బళ్లారి వైపు మా ఒక్క ఊరే, అదీ సగం. గుర్రమన్నది మాటిమాటికీ చైను ఊడే సైకిలు.

ఆలూరు వైపు మా అక్క మొగుడూ పంతులే, ఆయనకూ నాకున్నన్ని ఇళ్లే పడ్డాయి. "తెలుగోళ్లంతా మా ఆంధ్రలోనే ఉండారు, మీకేం మిగిలిందప్పా" అని బావ గిల్లుతుంటే ఉక్రోషమొచ్చి, నా పుస్తకంలోనే తెలుగువాళ్లు ఎక్కువ తేలతారని పందెం కాశాను. ఓడినవాడు మీసం తీసెయ్యాలి. నా మీసం మీద నిమ్మకాయ నిలబడేది, సరే, నిమ్మగింజ.

నా ధైర్యమంతా కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద వరిమళ్లు కొనుక్కుని, ఊరి పక్క క్యాంపులో కాపురమున్న కుటుంబాలు. ఇల్లిల్లూ తెలుగే రాసుకుంటూ, గెలుపు ఖాయమనుకుని ఆఖరున మా ఇంటికి చేరాను. మేం ఏడుగురం.

ఆ పొద్దున్నే క్యాంపు నుంచి ఒకావిడ గోంగూర పచ్చడి తెచ్చి ఇచ్చి, అవ్వ మాటలు విని, "ఇదేం తెలుగండీ మామ్మగారూ, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు" అని నవ్విందట. అవ్వ పచ్చడి పుచ్చుకుంది గానీ ఆ మాట మరిచిపోలేదు. మాతృభాష గడి దగ్గరికి రాగానే, "ఆయమ్మది ఏం రాసినావు?" అని అడిగింది. తెలుగన్నాను.

"ఆయమ్మది తెలుగైతే మనది గాదు. ఏడు మందికీ కన్నడమని రాసుకో."

మీసం సంగతి చెప్పి బతిమాలాను. "మీసం మళ్లా మొలుస్తాది, రాయప్పా" అంది.

చెప్పింది చెప్పినట్టు రాయాలన్న నియమానికి కట్టుబడ్డానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నిజానికి అవ్వకు చదువు రాదు, తెలుగని రాసి కన్నడమని చదివినా తెలిసేది కాదు. కానీ వేడి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి వడ్డించిన కంచం ఒళ్లో పెట్టుకుని, కన్నడమనే రాశానని తన తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టమంది. పొద్దుటినుంచీ నా కడుపులో ఏమీ లేదు. నిజాయితీ కాదు, ఆకలి.

నలుగురి తేడాతో ఓడాను. బావ మంగలిని వెంటబెట్టుకుని మరీ దిగాడు. క్యాంపు ఆవిడ కూడా చూడ్డానికొచ్చి, అవ్వ పక్కనే కూర్చుని, ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆ ఏడాది తిరిగేసరికి ఆవిడ నోట "యాడ", "ఏంది" దొర్లుతుండేవి, అవ్వ ఆవిణ్ణి "అండీ" అనేది.

ఇప్పుడు మాలాగే ఊరొదిలి బళ్లారి చేరిన ఆవిడ మునిమనవలు మా వీధిలోనే కన్నడంలో పోట్లాడుకుంటూ ఆడుకుంటారు. అవ్వ యాస మా ఇంట్లో నాతోనే ఆగింది. ఈసారి లెక్కలవాళ్లొచ్చి అడిగితే ఏం రాయించాలో ఇంకా తేల్చుకోలేదు. ముందు ఎవరైనా కంచంలో సంగటి ముద్ద పెట్టి, చెప్పప్పా అని అడగాలి గదా.