పొడుగు చేతుల చొక్కా

మా నాన్నగారు టైలరు. ఊరందరికీ పొడుగు చేతుల చొక్కాలు కుట్టి, తను మాత్రం ఏనాడూ పొట్టి చేతులవే తొడుక్కున్నారు. కఫ్‌లు మిషనుకి అడ్డం పడతాయని ఆయన వాదన. అలాంటి మనిషి, తల నెరిశాక తన కోసం వరసపెట్టి పొడుగు చేతుల చొక్కాలు కుట్టుకున్నారు. కాలేజీ ప్రాజెక్టు కోసం నేను తీసిన డాక్యుమెంటరీలో మొదటి నుంచి చివరి దాకా ఆ చొక్కాలే. తీసేటప్పుడు నాకు అవి కనపడలేదు. కిడ్నీ జబ్బు తీస్తున్నానని అనుకున్నాను.

అప్పటికి అమ్మ కువైట్‌లో ఒకళ్ళింట్లో వంటపని చేస్తోంది. నేను విశాఖపట్నంలో జర్నలిజం ఆఖరి ఏడాది. నాన్నగారికి కిడ్నీలు రెండూ పోయాయనీ, వారానికి మూడుసార్లు సఖినేటిపల్లి నుంచి అమలాపురం బస్సులో వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నారనీ నాకు తెలుసు, మేనత్తకి తెలుసు, వీధి వీధంతా తెలుసు. అమ్మకి తెలీదు. ఆవిడకి చెప్పింది షుగరని.

ఇది వింటే బయటివాళ్ళు నోరెళ్ళబెడతారు. మా వీధిలో గల్ఫుకి మనిషిని పంపని ఇల్లు లేదు. అక్కడున్నవాళ్ళకి ఇక్కడి చెడ్డకబురు చెప్పకపోవడం మాకు ఒక మర్యాద. చెబితే మాత్రం ఏం చేస్తారు? పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది, పని ఒప్పందం గడువు ఇంకా మిగిలే ఉంటుంది, పరాయి వంటింట్లో ఏడుస్తూ అంట్లు తోముకోవడం తప్ప దారేముంది? పక్కింటి పెద్దాయన పోయినప్పుడు కూడా గల్ఫులో ఉన్న ఆయన కొడుక్కి చాలా రోజుల దాకా చెప్పలేదు. మంచిపనే చేశారని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. మోచేతి కింద నరం ఉబ్బిపోయి మెలికలు తిరిగింది. దానిమీద చెయ్యి వేస్తే లోపల కుట్టుమిషను మోటారు తిరుగుతున్నట్టు అదిరేది. అది ఫోన్లో అమ్మ కంటపడితే ఇక దాచడానికేమీ మిగలదు. అందుకే ఆ పొడుగు చేతులు.

ఇంట్లో జబ్బునే తీస్తానంటే మా మేష్టారు మహా సంబరపడిపోయారు. నాన్నగారు కూడా కాదనలేదు గానీ, ఒక్క షరతు పెట్టారు.

"నీ చదువు కోసం ఏదైనా తియ్యమ్మా. అమ్మ ఇంటికొచ్చేదాకా మాత్రం దానికి చూపించొద్దు. వచ్చేక పక్కన కూచోబెట్టుకుని నేనే చెప్తాను."

మాటిచ్చాను. బైబిలు మీద చెయ్యి వెయ్యమన్నా వేసేదాన్ని.

సెలవుల్లో ఇంటికొచ్చి రోజూ తీశాను. రాజోలు మీదుగా బస్సు ప్రయాణం, ఆస్పత్రిలో మంచం పక్కన గొట్టాలు, ఒక్క గ్లాసు నీళ్ళని పూటంతా గుక్కగుక్కగా సరిపెట్టుకోవడం. ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు కూడా ఉండేది. పాపం మేనత్త అన్నం పళ్ళెంతో ఫ్రేములోకి వచ్చిందని కసురుకున్నాను. ఆవిడ తప్పు చేసినదానిలా గోడవారకి జరిగి నిలబడింది.

శుక్రవారం కువైట్‌లో సెలవు. యజమానులు బయటికి వెళ్ళగానే అమ్మ వీడియో కాల్ చేసేది. గురువారం డయాలసిస్ అయ్యేది కనక ఆ రోజుకి నాన్నగారి ముఖంలో వాపు తగ్గి ఉండేది. ఒక శుక్రవారం కెమెరా స్టాండు మీద పెట్టి, ఆయన తయారవడం మొదట్నుంచీ తీశాను. గడ్డం గీసుకున్నారు, పౌడరు రాసుకున్నారు, చొక్కా తొడుక్కున్నారు. కుడిచేతి కఫ్ దగ్గరకొచ్చేసరికి ఎడమచేతి వేళ్ళకి పట్టు చిక్కక, గుండీ కాజాలోకి దూరలేదు. నావైపు చూశారు. నేను కదల్లేదు. కిందామీదా పడి ఎలాగో ఆయనే పెట్టుకున్నారు.

ఫోనుని మిషను మీదున్న దారం డబ్బాకి ఆనించారు. అమ్మ ముఖం వచ్చింది.

"ఏవండోయ్, ఈ ఎండల్లో పొడుగు చేతులేంటండీ? నేను లేనప్పుడే గుర్తొచ్చిందా పెళ్ళికొడుకు వేషం?" అని పగలబడి నవ్వింది.

"ఆయ్, నువ్వొచ్చేసరికి అలవాటు చేసుకుంటున్నాను," అని నాన్నగారూ నవ్వారు.

ఫోను పెట్టేశాక కుర్చీలోంచి లేవలేక అక్కడే మిషను మీద తల వాల్చేశారు. క్లాసులో ఆ ముక్క వేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, మేష్టారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

అమ్మ రావడానికి ఇంకా కొన్ని నెలలున్నాయనగా, ఒక పొద్దున్న బస్సుకి బయల్దేరుతూ నాన్నగారు వరండాలోనే కూలబడిపోయారు. మళ్ళీ లేవలేదు. జబ్బు కబురూ చావు కబురూ అమ్మకి ఒకే ఫోనులో చెప్పాను. చావు కబురని యజమాని పాస్‌పోర్టు ఇచ్చి పంపాడు; ఆవిడ వచ్చేదాకా ఆయన్ని ఫ్రీజర్ పెట్టెలో ఉంచాం. ఉన్నవాటిల్లో మంచిదని మేనత్త ఆయనకి పొడుగు చేతుల చొక్కాయే తొడిగింది. పెట్టె అద్దంలోంచి చూసిన అమ్మకి అప్పుడు కూడా ఆ చెయ్యి కనపడలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయ్యి చుట్టాలందరూ వెళ్ళాక, నాన్నగారి మీద ఏదో తీశావట, వెయ్యమని అమ్మే అడిగింది. మిషను మీద లాప్‌టాప్ పెట్టాను. సూదులు గుచ్చేచోట నోట్లో కొంగు కుక్కుకుంది. ఎడమచెయ్యి దగ్గరగా కనిపించినప్పుడు తెర మీద వేలు పెట్టి ఆ ఉబ్బిన నరాన్ని తడిమింది. ఆ అదురు అమలాపురంలో నర్సులకి కూడా తెలుసు. మా అమ్మకి ఇక తెలిసే దారి లేదు.

శుక్రవారం ముక్క వచ్చింది. తన గొంతు తనే వింది.

"ఇంతమందికి తెలిసి, నేనొక్కదాన్నే నవ్వుతున్నానేంటే?" అంది.

నాన్నగారికి మాటిచ్చానని చెప్పాను. ఆయన దాచమన్నారు సరే, నేను నీకు అమ్మని కదా అంది. నాలుగు తిట్టినా బాగుండేది. చూపించొద్దన్న మాటని తు.చ. తప్పకుండా నిలబెట్టుకున్నాను. ఆ మాట తప్పి ఉంటే వీళ్ళిద్దరూ ఫోన్లోనైనా ఒకసారి కలిసి ఏడ్చేవాళ్ళు. ఆ నవ్వు తీసెయ్యమని చెప్పి అమ్మ లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని అమ్మ గొంతు తీసేసి చూశాను. నాన్నగారు చప్పుడు లేని గదిలో ఊరికే నవ్వుతున్నారు. తీసినదంతా వెతికాను. ఆయన నవ్వింది అక్కడొక్కచోటే. అమ్మని పిలిచి, అది నీ నవ్వుకి నవ్విన నవ్వమ్మా, తియ్యలేనని చెప్పాను. ఏదీ, మళ్ళీ మొదట్నుంచి వెయ్యి అంది.

వేశాను. గడ్డం, పౌడరు, చొక్కా. కఫ్ దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపమంది. తెరమీద నాన్నగారు గుండీ పట్టుకుని నావైపు చూస్తున్నారు.

"అక్కడే ఉన్నావు కదమ్మా," అంది మెల్లిగా. "ఆ గుండీ పెట్టలేకపోయావా?"

కెమెరా దగ్గరున్నానమ్మా, అన్నాను.