కరెంటు పోయేదాకా ఆగాలి

తిరుపతిలో మా ఆఫీసులో కరెంటు పోయి, పాత సీలింగ్ ఫ్యాను గరగర ఆగినప్పుడల్లా అందరూ విసురుకోవడానికి ఫైళ్లు వెతుక్కుంటారు. ఫైళ్లకు అంత గౌరవం దక్కేది అప్పుడే. నాకు మాత్రం నగరిలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిన మధ్యాహ్నమూ, సరోజక్కా గుర్తొస్తారు.

యూనివర్సిటీలో నేను సమాజసేవ, సామాజిక న్యాయం చదివాను. అదేం చదువో మా నాయనకు తెలియదు. నాకూ తెలియదు కాబట్టి ఇంట్లో వాదన రాలేదు. రెండో ఏడు ఫీల్డ్ వర్కుకు నగరి పంపారు. ఇరుగుపొరుగు తగాదాలు కోర్టుకెక్కకుండా సర్దే చిన్న కేంద్రాన్ని అక్కడ సరోజక్క నడిపేవారు. ఇరవై ఏళ్లు మరమగ్గం మోతలో పనిచేసిన మనిషి. మెల్లగా మాట్లాడటం రాదు, ఎదుటివాళ్ల పెదవులు చూడకుండా వినడం రాదు. మొదటిరోజు నా నోట్సు ఫైలును చేత్తో ఎత్తి చూసి, "బరువుగానే ఉండాదప్పా. తిన్నావా?" అన్నారు.

నా మొదటి కేసు మునెమ్మది. పక్షవాతంతో మంచాన పడ్డ తన భర్తకు పక్కింటి అముద మగ్గం వల్ల సాయంత్రాలు నిద్ర లేదని ఫిర్యాదు. అముద భర్త పోయాడు. సాయంత్రం నేత ఆగితే ఆమె పిల్లలకు పూట గడవదు. నేను ఒక్కడినే అముద ఇంటికి వెళ్లి, ఆరు దాటాక మగ్గం ఆపుతానన్న ఒప్పందం చదివాను. ఆమె మూడుసార్లు తలూపింది, సంతకం పెట్టింది. కావేరి నీళ్ల తగవు తీర్చినవాడిలా తిరిగొచ్చాను.

"సదివినప్పుడు మగ్గం ఆడతా ఉన్నిందా?" అన్నారు సరోజక్క.

"ఆడుతోందక్కా."

"అయితే ఆ యమ్మ ఏమీ విన్లేదు. మగ్గం కాడికి ఎవురొచ్చి ఏమన్నా తలూపతాం మేము. అది మర్యాద. కరెంటు పోనీ, మళ్లా పోదాం."

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ వీధిలో కాకులుంటాయని అప్పుడే తెలిసింది నాకు. మునెమ్మ ఇంటి అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి, సరోజక్క నన్ను చదవమన్నారు. సగం కాకముందే అముద లేచి నిలబడింది. "ఆరుకే ఆపితే నా బిడ్డలేం తినాల? దీనికా నేను చేవ్రాలు పెట్టింది? రేషన్ కార్డు సర్వే అనుకుంటినే!"

నేను తల దించుకున్నాను. అప్పుడు కిటికీ అవతల మంచం మీంచి ముద్దముద్దగా ఒక గొంతు. "నాకు... మగ్గం ఆగితేనే మెలకువొస్తాది."

మునెమ్మ భర్తా నేతగాడే. నా ఫైల్లో ఆయన వయసుంది, జబ్బుంది, ఫోటో ఉంది. ఆయన మాట ఒక్కటే లేదు.

మునెమ్మ కొంగు చివర నలిపింది. "ఆయనకి కాదు. నిద్ర లేంది నాకు. రేత్రంతా ఆయన్ని తిప్పి పండబెట్టాల. సందేళ నడుం వాల్చుదామంటే ఈ మోత. నాకని సెప్తే ఎవురింటారని ఆయన పేరు సెప్పినా."

బాధితులెవరో ముందు గుర్తించాలని క్లాసులో చెప్పారు. లెక్క ముగ్గురికి చేరింది. ఆ ఎండకు నాలుగోవాణ్ణి నేను.

అముద మళ్లీ కూర్చుంది. "మద్దేన్నం తినేదానికి మగ్గం ఆపతాను గదక్కా. ఆ గంటా నేనొచ్చి అన్న కాడ కూసుంటా. నువ్వు మా ఇంట్లో పండుకో."

"గంట సాలదు గానీ..." మునెమ్మ ఇంకా ఏదో అనబోతుండగా కరెంటు వచ్చింది. వీధంతా దడదడ మొదలైంది. ఆమె నన్నే చూస్తూ ఏదో అంది. నేను తలూపాను.

సరోజక్క పగలబడి నవ్వారు. దారిలో, "ఏమనిందని తలూపినావప్పా?" అని అడిగారు.

"తెలీదక్కా."

"ఇప్పుడు నేర్సుకున్నావు."

ఫారంలో రెండే గళ్లు: పరిష్కారమైంది, కాలేదు. ఏది నింపాలన్నాను. "రెండూ వొదిలెయ్. నెల పోనీ, మళ్లా పోయి అడుగుదాం." నెల తిరిగేలోపు నా ఫీల్డ్ వర్కు అయిపోయింది. నేను వెళ్లలేదు. మునెమ్మ నిద్రపోయిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ ఫారం నకలు మాత్రం నా డెస్కు సొరుగులో ఉంది, గళ్లు ఖాళీగానే.

ఇందాక ఏదో తగవు మీద వచ్చిన ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, నేను చెప్పిన ప్రతిదానికీ తలూపుతోంది. ఫ్యాను ఆగింది. పెన్నుకు మూత పెట్టి, "అమ్మా, ఇంతసేపూ నేనేం చెప్పానో నువ్వొకసారి చెప్పు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏమోప్పా" అంది.

కుర్చీ ముందుకు జరుపుకున్నాను.