కురుపు మీద కన్సీలర్

ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఒక హీరోయిన్‌కి ఆవిడ ఇంట్లోనే మేకప్ వేస్తున్నాను. నా కుడి మణికట్టు మీదున్న కురుపు చిట్లి, చీము బొట్టు ఆవిడ బుగ్గకి అంటింది. ఆవిడ కెవ్వుమని బాత్రూంలోకి పరిగెత్తింది. ఛీ, నాకే రోత పుట్టింది.

అంతకు కొన్ని వారాల ముందు పెరూ అడవుల్లో ఉన్నాను. ఒక ఆదివాసీల ఊరి బడిలో వాలంటీరుగా పనిచేస్తూ, అక్కడి ఆడవాళ్ల దగ్గర కాయల రసంతో ముఖాలకి రంగులు వేయడం నేర్చుకున్నాను. రంగు పెట్టే ముందు వాళ్లు ఒకరి ఒళ్లు ఒకరు వెలుతుర్లో చూసుకుంటారు. పుండున్న మనిషికి రంగు పెట్టరు, ఆ మనిషి చేత పెట్టించుకోరు. అలాగని దూరంగా కూర్చోబెట్టరు. మానేదాకా ఆమె వంట కూడా పక్కింటివాళ్లే చేసి పెడతారు.

అంతా చూసొచ్చి నేను చేసిందేంటి? ఇక్కడికొచ్చాక మణికట్టు మీద లేచిన కురుపు కనబడకుండా వాటర్‌ప్రూఫ్ కన్సీలర్ పూసి, పైన పౌడర్ కొట్టాను. చిట్లినప్పుడల్లా ఇంకో పూత! ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి డాక్టరు "సెగ్గడ్డమ్మా" అని యాంటీబయాటిక్ రాశారు. అది తగ్గకపోగా, అంచులు లేచి నడుమ గుంట పడింది.

హీరోయిన్ ఇంట్లో అంత గొడవయ్యాక, నాతో పనిచేసే హెయిర్‌డ్రెస్సర్ రేణుక నా చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. రహమత్ నగర్ పిల్ల, మొహమాటం లేదు. "గిదేంది అక్కా, గింత వాసనొస్తుంది? గీ చెయ్యి పోతే నీ పనేంగావాలె? నడువ్, పెద్ద దవాఖానకు పోదాం."

అక్కడి స్కిన్ డాక్టరు లైటు పెట్టి చూశారు. "ఈమధ్య విదేశాలకి వెళ్లారా?" అని అడిగి, పుండులోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపించారు. రిపోర్టు వచ్చాక ఇలా చెప్పారు: "క్యుటేనియస్ లీష్మానియాసిస్. చర్మం మీద పుండ్లు వేసే పరాన్నజీవి జబ్బు. ఇసుక దోమ కాటుతో వస్తుంది, ముట్టుకుంటే రాదు. దానిమీద బ్యాక్టీరియల్ ఇన్ఫెక్షన్ కూడా చేరింది. వదిలేస్తే కొందరికి తర్వాత ముక్కులోకి పాకుతుంది."

యాంఫోటెరిసిన్ అనే మందు నరంలోకి ఎక్కించారు. చలి, వాంతులు. మధ్యలో కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని కొన్నాళ్లు ఆపేశారు. వేళ్లు బిగుసుకుపోయి బ్రష్ పట్టలేకపోయాను. ఇక నా బతుకు ఇంతేనా అని ఏడ్చాను.

అప్పుడే హీరోయిన్ మేనేజర్ ఫోన్ చేశాడు. ఎలా ఉన్నారన్న మాట లేదు. "అడవిలో డిజైన్లు నేర్చుకున్నారటగా, ఐటమ్ సాంగుకి కావాలి. ఫొటోలు పంపండి చాలు. మీరు సెట్‌కి రావద్దండీ, మేడమ్‌కి వాంతొస్తుందట." నా పుండుని చూసి కూడా నాకంత రోత పుట్టలేదు. పంపనని ఫోన్ పెట్టేశాను. ఆ ఇంటి పని మళ్లీ రాలేదు, పోతే పోనీ.

ఇప్పుడు పుండు మానింది. గుంట మచ్చ మిగిలింది, బ్రష్ ఆడుతోంది. మొన్నొక కొత్త నటి మచ్చ చూసి ముఖం చిట్లించి, "కవర్ చేసుకోవచ్చు కదండీ" అంది. "చచ్చినా చెయ్యనమ్మా" అన్నాను.

మానని పుండుంటే శుభ్రంగా కడుక్కుని, ఉన్నది ఉన్నట్టు డాక్టరుకి చూపించండి. ఏ దేశంలో తిరిగొచ్చారో అడక్కపోయినా చెప్పండి. నేను ఆ మొదటి డాక్టరు దగ్గరికి కూడా కన్సీలర్ పూసుకునే వెళ్లాను.