తొమ్మిది గంటల మీటింగు, అమావాస్య పోటు

ఆ రోజుల్లో నీళ్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. మండపేట పక్క వరి రైతు కొడుకుని కదా, మాకు నీళ్లంటే లాకులు ఎత్తితే వచ్చేవి, దించితే ఆగేవి. తొంభైల్లో అటవీ శాఖలో టెంపరరీ ఉద్యోగం దొరికి, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరికి వెళ్లినప్పుడు ఈ జ్ఞానమంతా వెంట తీసుకెళ్లాను. వంటచెరకు కోసం నరికేయగా బోడిగా మిగిలిన మడ అడవిని ఆ ఊరివాళ్ల చేతే మళ్లీ పెంచించడం నా పని. కాలవలు తవ్వి పోటునీరు లోపలిదాకా వెళ్లేలా చేస్తే మొక్క బతుకుతుంది. పెద్దాఫీసరు చూసి సరేనంటే అడవి ఊరి సంఘం చేతికి వస్తుంది. కాదంటే కాంట్రాక్టరుకి పోతుంది, నేను ఇంటికి పోతాను.

సంఘానికి పెద్ద ఒక మామ్మ. (ఊరంతా అలాగే పిలిచేది, నేనూ పిలిచాను.) కాలవలకి మా చేలో బోదెల్లాగే తాడు పట్టి తిన్నగా ముగ్గు పోయించాను. ఆవిడ చూసి, "ఇలాగైతే నీరు లోపలికెక్కదండి బాబుగారూ, ఏటవాలుగా చీల్చాల" అంది. "కాలవల సంగతి నాకే చెప్తావేంటి మామ్మా!" అన్నాను. ఆవిడ తలూపింది. జ్వరమొచ్చి వారం రోజులు ఇంటికెళ్లి వచ్చేసరికి కాలవలన్నీ చేపముల్లులా ఏటవాలుగా ఉన్నాయి! గొంతు పోయేలా అరిచాను. పూడ్పిద్దామంటే ఆఫీసరు మర్నాడే వస్తున్నారు.

తొమ్మిది గంటల మీటింగుకని, కొత్తగా నాటిన మొక్కల మధ్యనే షామియానా వేయించి, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాను. "రేపు అమావాస్యండి. తొమ్మిదింటికి పోటు నిండుగా వచ్చేత్తాది. మజ్జానం పెట్టుకోండి" అంది మామ్మ. "ఆఫీసరుగారికి తిథి చూసి టైము చెప్పాలా?" అని నవ్వాను.

మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి, అడవుల పెంపకంలో ప్రజల పాత్ర గురించి (మూడు రోజులు బట్టీ పట్టిన) ఉపన్యాసం మొదలెట్టాను. రెండో పేజీకి చెప్పులు తడిశాయి. నాలుగో పేజీకి నీళ్లు మోకాళ్లకొచ్చాయి, ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటే తేలుకుంటూ వెళ్లిపోయాయి. అసలు ఊరివాళ్లెవరూ కుర్చీల్లో కూర్చోనేలేదు. అందరూ పడవల్లో కూర్చుని శ్రద్ధగా వింటున్నారు! మామ్మ పడవ దగ్గరికి తెచ్చి ఆఫీసరుగారిని చెయ్యిపట్టి ఎక్కించింది, తరవాత నన్నూ. ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

ఆఫీసరుగారు ప్యాంటు పిండుకుంటూ ఒక్కసారి ఆగిపోయారు. ఏటవాలు కాలవల్లోంచి పోటునీరు పాయలుగా చీలి, ఉప్పు పేరుకుపోయిన చిట్టచివరి నేలదాకా ఎక్కుతోంది. "భలే! ఈ ప్లాను ఎవరిదయ్యా?" అన్నారు.

"నాదేనండి." ఆపుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది.

మామ్మ తెడ్డు ఆపి నా వంక చూసింది. "అవునండి, బాబుగారే దగ్గరుండి తవ్వించారు" అంది. సంతకం ఆ పడవలోనే అయింది. ఊరికి అడవి దక్కింది, నాకు ఉద్యోగం దక్కింది.

తరవాత చాలా ఊళ్లలో సంఘాలు పెట్టించాను. బాగానే చేశానని ధైర్యంగా చెప్పుకోగలను. ఆ ఒక్క అబద్ధమే మనసులో ఉండిపోయింది. మొన్నామధ్య తీరిక చేసుకుని వెళ్తే మామ్మ లేదు. ఆవిడ మనవరాలు నన్ను పడవలో చెట్లనీడన తిప్పుతూ, "ఈ కాలవలన్నీ మీరే తవ్వించారంట కదండీ, మా మామ్మ ఎప్పుడూ చెప్పేది" అంది. "కాదమ్మా, మీ మామ్మే తవ్వించింది. నేను వద్దని అరిచాను" అన్నాను. ఎంత చెప్పినా ఆ పిల్ల నమ్మలేదు. "మీరు మరీ మొహమాటస్తులండి" అని నవ్వేసింది.