మా అవ్వ తన తప్పు చెప్పిన ఆదివారం

నా చిన్నప్పుడు మా పల్లెలో ఒకే కప్పు కింద వారమంతా బడి, ఆదివారం గుడి నడిచేవి. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, పేడతో అలికిన నేల. మాకు అక్షరాలు దిద్దించే పంతులే ఆదివారం వాక్యం చెప్పేవాడు. మార్కాపురానికీ కొనకనమిట్లకూ నడుమ, ఊరికి ఎడంగా ఉన్న పల్లె మాది. ముప్పై ఇళ్ళుండేవేమో. అందరం యేసును నమ్ముకున్నవాళ్ళమే. దొరల కాలం. మద్రాసు ఎక్కడుందో మాకు తెలియదు గానీ, మమ్మల్ని ఏలేది అక్కడి నుంచేనని పంతులు చెబితే విని ఊరుకునేవాళ్ళం.

క్రిస్మసు దాటిన తర్వాత వచ్చే ఆదివారం మాకు కృతజ్ఞతల పండుగ. ఇంటికొకరు లేచి, ఆ ఏడు దేవుడు తమకు చేసిన మేళ్ళు అందరి ముందూ చెప్పాలి. ఎప్పుడూ మొదట లేచేది మా అవ్వ, అంటే మా నాయన తల్లి. పల్లెలో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్న నలుగురిలో ఆమె ఒకతె. చదువు రాదు. అయినా మేక ఈనిన దగ్గర నుంచి నాయనకు జ్వరం తగ్గిన దాకా ఏడాదిలో జరిగిన మంచినంతా ఒక్కటి వదలకుండా ఒప్పజెప్పేది. పల్లెలో ఆమె మాటంటే గురి. ఎవరికి కాన్పు కష్టమైనా, ఎవరి బిడ్డకు ఒళ్ళు కాలినా ముందు అవ్వను పిలిచి, ఆ తర్వాతే ఇంకేమైనా ఆలోచించేవారు.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఆ ఏడు, మొదట్లో అవ్వ చెప్పుకోవడానికి చాలానే ఉండింది. నాయనకు మార్కాపురం దగ్గర పలకల గనిలో పని దొరికింది. పదిహేను రోజులకొకసారి నడిచి ఇంటికి వచ్చేవాడు. నాకు చదవడం వచ్చింది. మా ఇంట్లో అక్షరం తెలిసిన మొదటి మనిషిని నేనే. పొద్దుగూకే ముందు గడపలో కూర్చుని నేను కీర్తనలు చదువుతుంటే, అవ్వ చేస్తున్న పని ఆపి, కళ్ళు మూసుకుని వినేది. తమ్ముడికి మూడో ఏడు నడుస్తోంది. వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక ఇక ఆగలేదు. కోడిపుంజుతో కూడా వాదన పెట్టుకునేవాడు. అమ్మకు మళ్ళీ నెల తప్పింది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. సజ్జ మొలకలోనే మాడింది. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు గదా, ఆ ఏడు మేము నిజంగానే బలుసాకు తిన్నాం. ఊరి బావి మాకు కాదు, మా కులాన్ని దాని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. వాగులో ఇసుక తవ్వి, ఆ చెలమల్లో ఊరిన నీళ్ళు ముంతలతో తోడుకునేవాళ్ళం. కడుపుతో ఉన్న అమ్మ మోకాళ్ళమీద వంగి తోడుతుంటే నేను కుండ పట్టుకునేదాన్ని.

దసరా రోజుల్లో ఒకే ఒక్క గట్టి వాన పడింది. పల్లె మొత్తం వీధిలోకి వచ్చి తడిసింది. మా తమ్ముడు బురదలో పొర్లాడు. ఊళ్ళోని మురికంతా వాగులోకీ, అక్కడి నుంచి మా చెలమల్లోకీ చేరిందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాలుగో రోజుకు పల్లెలో గత్తర, అంటే కలరా, పుట్టింది. మొదట రెండిళ్ళలో, ఆ తర్వాత మా ఇంట్లో.

తెల్లవారి వాంతులతో మొదలైంది తమ్ముడికి. పొద్దెక్కేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. "నీళ్ళు, నీళ్ళు" అని ఒకటే అడగడం. నేను ముంత తీసుకుని కుండ దగ్గరికి పోతే అవ్వ కసిరింది.

"పెట్టు కింద! నీళ్ళు పోసేకొద్దీ ఇంకా పోతాది. చుక్క కూడా ఇయ్యగూడదు. తడిగుడ్డతో పెదాలు తుడిస్తే చాలు."

ఆ రోజుల్లో చాలామంది అలాగే అనుకునేవారు. అవ్వ మాటను కాదనే మనిషి మా ఇంట్లో లేరు. అమ్మకు మరీ మరీ చెప్పి, పంతులును పిలుచుకురావడానికి అవ్వ వెళ్ళింది. ఆయన అప్పటికే రోగం తగిలిన ఇళ్ళు తిరుగుతున్నాడు. ఇంట్లో అమ్మ, నేను, వాడు మిగిలాం. వాడు అమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని అడుగుతూనే ఉన్నాడు. అమ్మ మొహం పక్కకు తిప్పుకుని, తడిగుడ్డతో వాడి పెదాలు తుడుస్తూ ఏడ్చింది. కొంతసేపటికి వాడు అడగడం మానేశాడు. నిద్రపోయాడనుకున్నాను.

పంతులు వచ్చి వాడి చెయ్యి పట్టుకుని చూశాడు. అది అప్పటికే చల్లబడింది. ఆయన మెల్లగా అడిగాడు.

"నీళ్ళు పట్టినారా అమ్మా? కాచి చల్లార్చిన నీళ్ళల్లో ఉప్పేసి పట్టాలని ఆస్పత్రిలో చెప్పినారు. పొద్దున్నించి ఇల్లిల్లూ తిరిగి అదే చెప్తాండా."

అమ్మ వాకిలి వైపు చూసింది. చివరికి అమ్మ అంది: "నేను ఇయ్యలేదయ్యా. వాడు అడిగినాడు. నేనే ఇయ్యలేదు."

అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. ఆ మాట ఆమెకు వినిపించింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కూడా నన్ను చూసి, తర్వాత నేల చూపులు చూసింది. నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

నాయన వచ్చేసరికి తమ్ముణ్ణి పూడ్చి ఒక రోజు గడిచింది. ఆ మట్టి దగ్గర చాలాసేపు కూర్చుని, ఇంట్లో తిండికి దారి లేదు గనుక మళ్ళీ గనికి వెళ్ళిపోయాడు. పల్లెలో గుసగుసలు లేచాయి. కన్నతల్లే బిడ్డకు నీళ్ళియ్యకుండా పోగొట్టుకుందట అని చెలమల దగ్గర అనుకునేవారు. అమ్మ వస్తే ఆపేసేవారు. అమ్మకు తెలుసు. మాటకు మాట చెప్పేది కాదు. అవ్వ ఆ గుసగుసలు విన్నప్పుడల్లా దారి మార్చి నడిచేది. తమ్ముడు పోయాక అవ్వ నన్ను ఒక్కసారి కూడా కీర్తన చదవమనలేదు. నేనే పుస్తకం తీస్తే, పొయ్యి దగ్గర పనుందని లేచిపోయేది.

డిసెంబరు సగంలో చెల్లెలు పుట్టింది. పిడికెడంత పిల్ల. ఏడుపు కూడా పిల్లికూనలా ఉండేది. అమ్మ దాన్ని ఎత్తుకోలేదు. అవ్వే తెచ్చి రొమ్ముకు అంటిస్తే పిల్ల తాగేది. అమ్మ చేతులు మాత్రం రెండు పక్కలా చాపమీద పడి ఉండేవి, మొహం గోడ వైపు. గంజి పెడితే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేది. తల్లి తినకపోతే పాలెక్కడివి? పిల్ల రోజురోజుకూ ముడుచుకుపోయింది.

క్రిస్మసుకు నాయన వచ్చి చూసి భయపడ్డాడు. "ఏందమ్మా ఇది, దీనికేమైనాది? బిడ్డను ముట్టుకోదేంది?" అని అవ్వను అడిగాడు.

"బాలింత గుణంలే నాయనా. అదే తగ్గుతాది" అంది అవ్వ.

పిల్ల ఎన్నాళ్ళో ఉండదని పక్కింటి పెద్దమ్మ నాయనతో చెప్పేసింది. అందుకే నెల నిండకపోయినా, కృతజ్ఞతల ఆదివారం గుడికి తీసుకుపోయి పేరు పెట్టించి ప్రార్థన చేయించాలని నాయన నిర్ణయించాడు. అమ్మను రెక్క పట్టుకుని నడిపించాడు. పిల్లను అవ్వ ఎత్తుకుంది. నేను వెనక నడిచాను. చిన్న పిల్లను ఇంత తొందరగా దేవుడి దగ్గరికి ఎందుకు తీసుకుపోతున్నారో నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

ఆ ఏడు అర్పణలకు పరిచిన చాప దాదాపు ఖాళీగా ఉంది. ఎవరో దోసెడు చింతపండు, ఎవరో రెండు కోడిగుడ్లు తెచ్చారు. మొదటి కీర్తన అయిపోగానే అలవాటు ప్రకారం అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ లేవలేదు. పంతులు కాసేపు చూసి, మిగతావాళ్ళను పిలిచాడు. లేచినవాళ్ళు కూడా ఒకటి రెండు మాటలు చెప్పి కూర్చున్నారు. ఏడు ఇళ్ళలో గత్తర మనుషులను తీసుకుపోయింది. మేలు అన్న మాట ఎవరి నోటా సాఫీగా రాలేదు.

తర్వాత పంతులు బిడ్డను ముందుకు తెమ్మన్నాడు. అమ్మను చూసి, "అమ్మా, నువ్వు ఎత్తుకోని నిలబడు" అన్నాడు. అవ్వ పిల్లను అమ్మ వైపు చాచింది.

అమ్మ వెనక్కి అడుగు వేసింది. తమ్ముడు పోయాక ఆమె గొంతు పెద్దగా వినడం నాకు అదే మొదలు.

"నా చేతికియ్యొద్దు. ఇయి మంచి చేతులు కావు. వాడు నీళ్ళడిగితే ఈ చేతులే ఇయ్యలేదు. దీన్నీ చంపుకోమంటారా?"

నాయన లేవబోయి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ కూలబడ్డాడు. అవ్వ చేతుల్లో పిల్ల అలాగే ఉంది. అప్పుడామె అమ్మతో కాకుండా, అందరి వైపూ తిరిగి మాట్లాడింది.

"నీళ్ళు ఇయ్యొద్దన్నది నేను. వినండి అందరూ. చుక్క కూడా పొయ్యొద్దని దానికి మరీ మరీ చెప్పి పోయినా. మనవరాలు ముంత తెస్తే కసిరి పెట్టిచ్చినా. పంతులు అడిగిన పొద్దు నేను వాకిట్లోనే ఉండా. నేనే వద్దన్నానని చెప్పడానికి నోరు రాలా. పెద్దదాన్ని, మీరంతా నా మాట వింటారు, ఆ పేరు పోతాదని భయపడినా. దాని తలమీద ఏసి ఊరకుండినా. మీరు చెలమకాడ దాన్ని అనే మాటలన్నీ నాయి. దానియి కావు."

అవ్వ అమ్మ ముందు నిలబడి అంది: "తప్పు నాది అమ్మాయి. నీ చేతులకేమీ కాలేదు."

అమ్మ వెంటనే ఏడ్చి ఆమెను కౌగలించుకుందని చెప్పను, అలా జరగలేదు. "నువ్వే చెప్పినావని నాకు తెలుసు అత్తా" అంది. "నువ్వు తెలియక చెప్పినావు, నేను తెలియక విన్నా. దానికి నేను ఏమనుకోలేదు. పంతులు అడిగినప్పుడు నువ్వు మాట్లాడతావని చూసినా. నువ్వు మాట్లాడలా. అందుకే, నాదే తప్పనుకున్నా."

"చూసినావు" అంది అవ్వ. "నువ్వు చూసింది నాకు తెలుసు."

పిల్ల సన్నగా ఏడ్చింది. అమ్మ అక్కడే నేలమీద కూర్చుని రెండు చేతులూ చాచింది. అవ్వ వంగి పిల్లను ఆ చేతుల్లో పెట్టింది. అమ్మ దాన్ని పైనుంచి కింది దాకా చూసింది. పుట్టాక అదే మొదటిసారి చూడడం. కొంగు కప్పుకుని పాలిచ్చింది. పంతులు పెద్ద ప్రార్థన చేయలేదు. దగ్గరికి వచ్చి, పిల్ల తలమీద చెయ్యి పెట్టి పేరు పలికాడు, అంతే. చెలమ దగ్గర ఎక్కువగా మాట్లాడిన ఇద్దరు ఆడవాళ్ళు బయటికి వచ్చేటప్పుడు అమ్మ మొహం చూడలేకపోయారు. వాళ్ళలో ఒకామె ఆ సాయంత్రం సజ్జ సంకటి ముద్ద తెచ్చి మా గడపలో పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయింది. అమ్మ ఆ ముద్ద మొత్తం తింది.

మా ఇంట్లో అన్నీ ఒక్క రోజులో సర్దుకోలేదు. చాలా రోజులు అమ్మ అవ్వతో పనికి సరిపడా మాటలే మాట్లాడింది. అవ్వ దానికి నొచ్చుకోలేదు. పల్లెలో ఎవరైనా మందుకోసం వస్తే, "నాకు తెల్దు నాయనా, ఆస్పత్రికి తీసకపోండి" అనేది. గత్తర ఇళ్ళకు తానే పోయి, నీళ్ళు కాచి ఉప్పేసి పట్టమని చెప్పేది. ఎందుకని ఎవరైనా అడిగితే, మనవడి సంగతి దాచకుండా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఎంత కష్టమయ్యేదో నేను పక్కనుండి చూశాను. ఎండాకాలంలో ఒక సాయంత్రం అమ్మే నన్ను పిలిచి, "అవ్వకు ఏదన్నా చదివి ఇనిపియ్యి" అంది. అవ్వ కళ్ళు మూసుకుని వింది. అమ్మ కూడా పక్కనే కూర్చుని వింది.

చెల్లెలు బతికింది. మరుసటేడు కృతజ్ఞతల ఆదివారం అమ్మ లేచి, "ఈ ఏడు నా బిడ్డ నడిచింది" అని ఒక్క మాట చెప్పి కూర్చుంది. అవ్వ మళ్ళీ ఎన్నడూ అందరికంటే ముందు లేవలేదు.

ఇప్పుడు నా వయసు ఆ నాటి అవ్వ వయసును దాటిపోయింది. నా కోడళ్ళు, మనవలు నా మాటను కాదనరు. అదే నన్ను భయపెడుతుంది. మాట చెల్లే మనిషి చేసిన తప్పు ఎప్పుడూ మాట చెల్లని మనిషి తలమీదే పడుతుందని ఆ ఏడే చూశాను. అందుకని ప్రతి ఏడూ కృతజ్ఞతల ఆదివారం పొద్దున, గుడికి బయలుదేరే ముందు ఇంట్లో ఒక్కొక్కరి మొహం చూసుకుంటాను. నేను చేసినదాన్ని నోరెత్తకుండా మోస్తున్నవాళ్ళు వాళ్ళలో ఎవరున్నారా అని వెతుక్కుంటాను. ఒక ఏడు పెద్ద కోడలి దగ్గరికి పోయాను, ఒక ఏడు పదేళ్ళ మనవడి దగ్గరికి. ఆ తప్పు నాదని వాళ్ళకు చెప్పాకే, దేవుడి ముందు నిలబడి నా మేళ్ళు లెక్కపెట్టుకుంటాను.